సాహస సినిమాల్లో నాయన, నమ్మకం: మావాడు అడిగిన ఒక ప్రశ్న

ఎర్రనేల (అనంతపురం) · ఆదివారం రాత్రి 10:52

ఈరోజు ఇంట్లో ‘ఇండియానా జోన్స్ అండ్ ద లాస్ట్ క్రూసేడ్’ చూసినాం. 1989 సినిమా. నేను, ఏడో తరగతి చదివే మావాడు, ఊరి నుంచి వచ్చిన మా నాయన, అమ్మ. నేను కాలేజీ రోజుల్లో ఒకసారి చూసినా. అప్పుడు గుర్రాలు, ట్యాంకు, ఎలుకలు తప్ప ఏమీ గుర్తు లేవు. ఇప్పుడు చూస్తే అది మొత్తం తండ్రీకొడుకుల సినిమా.

చివర్లో ఒక సీన్ ఉంది. బయట తండ్రికి తుపాకీ గుండు తగిలి నేల మీద పడి ఉంటాడు. ఆయన బతకాలంటే గుహ లోపల ఉన్న పవిత్ర పాత్రతో (ఏసుక్రీస్తు తాగినాడని చెప్పే గిన్నె) నీళ్ళు తేవాల. దారిలో మూడు పరీక్షలు. మూడోది పెద్ద అగాధం. అవతలి గట్టుకు దూకే వీలు లేదు, వంతెన కనపడదు. తండ్రి డైరీలో మాత్రం అడుగు వెయ్యమని ఉంటాది. హీరో గుండె మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కాలు ముందుకు చాపి గాల్లో వేస్తాడు. కాలి కింద రాయి తగులుతాది.

మావాడు సినిమా ఆపి అడిగినాడు: “నాయనా, వాడు దేవుణ్ణి నమ్మి వేసినాడా, వాళ్ళ నాయన్ను నమ్మి వేసినాడా, లేకుంటే వేరే దారి లేక వేసినాడా?”

నేను నీళ్ళు నమిలినా. మీరేం చెబుతారు? ఇంకోటి కూడా. సాహసం సినిమా అనగానే తండ్రి, దేవుడు ఇద్దరూ ఎందుకు కలిసే వస్తారు?

ఉగ్గాని_బజ్జి (కర్నూలు) · ఆదివారం రాత్రి 11:05

దీనికి జవాబు తెలీదు గానీ ఒక లెక్క చెబుతా అన్నా. అందులో తండ్రి వేషం వేసిన షాన్ కానరీ పుట్టింది 1930. కొడుకు వేషం వేసిన హారిసన్ ఫోర్డ్ పుట్టింది 1942. పన్నెండేళ్ళకే కొడుకును కన్నాడన్నమాట. ఇది నమ్మినోడు ఆ వంతెన నమ్మడా?

గడియారం_స్తంభం (అనంతపురం) · ఆదివారం రాత్రి 11:31

మీ అబ్బాయి ప్రశ్న బాగుంది. నేను లెక్కల మాస్టర్ని కాబట్టి లెక్కల్లోనే చెబుతా. దాన్ని నమ్మకం అనడానికి నేను ఒప్పుకోను.

మొదటి పరీక్షలో పశ్చాత్తాపపడేవాడే దాటుతాడని డైరీలో ఉంది. వాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు, తల మీదుగా బ్లేడ్లు పోయినాయి. లెక్క సరిపోయింది. రెండోది దేవుడి పేరు ‘జెహోవా’లోని అక్షరాల మీద నడవడం. అక్కడ వాడు ‘జె’ మీద కాలు పెట్టి దాదాపు పడిపోయినాడు. లాటిన్‌లో ఆ పేరు ‘ఐ’తో మొదలవుతుందని తర్వాత గుర్తొచ్చింది. అంటే తప్పు డైరీది కాదు, చదివినవాడిది. రెండు సార్లు సరైన సమాచారం ఇచ్చిన మనిషిని మూడోసారి నమ్మడం అనుభవం అవుతుంది. నేనైనా వేస్తా.

పైగా వంతెన అక్కడే ఉంది. పక్క గోడ రంగు, గీతలు దాని మీదా ఉండటం వల్ల ఎదురుగా నిలబడితే కనపడదు. దాటినాక వాడు ఇసుక చల్లుతాడు చూడండి. వెనక వచ్చేవాళ్ళకు నమ్మకం అక్కర్లేదు, ఇసుక చాలు.

జేజి_కథలు (ప్రొద్దుటూరు) · సోమవారం ఉదయం 6:14

మాస్టారూ, పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి రాస్తున్నా, పొంగితే మీదే పూచీ.

మీ లెక్క సరే. కానీ వాడికి బయట గుండు తగిలి పడి ఉన్న తండ్రి లేకుంటే ఆ అడుగు వేసేవాడా? సినిమా మొదటి నుంచీ వాడికి ఆ పాత్ర మీద నమ్మకం లేదు. అది వాళ్ళ నాయన పిచ్చి. చిన్నప్పుడు, 1912లో, పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి ఏదో చెప్పబోతే ఆయన తల ఎత్తకుండా గ్రీకు భాషలో ఇరవై దాకా లెక్కపెట్టమంటాడు. పిల్లోడు గసపోసుకుంటూ లెక్కపెడతాడు. ఆ ఇల్లు చూడగానే నాకు అర్థమైపోయింది. దేవుడి గిన్నె కోసం ఇంట్లో ఉన్న పిల్లోణ్ణి చూడని మనిషి.

విలన్ కూడా అది తెలిసే కొట్టినాడు. కొడుకును కాల్చకుండా తండ్రిని కాల్చినాడు. “ఇప్పుడు నమ్ముతావా లేదా?” అన్నట్టు. కాబట్టి బాబుకు నా జవాబు: దేవుణ్ణీ కాదు, డైరీనీ కాదు. నాయన దస్తూరీని నమ్మినాడు. చిన్నప్పటి నుంచి ఆ దస్తూరీ మీద మంట ఉన్నోడే నమ్మినాడు.

పాలు పొంగలేదు.

రీలు_పెట్టె (కర్నూలు) · సోమవారం ఉదయం 9:20

అందరికీ నమస్కారం. నేను ముప్పై ఏళ్ళు థియేటర్లో ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంగ్లీషు సినిమాల సంగతి మీకే ఎక్కువ తెలుసు. నాకు మాత్రం ఈ కథ వినగానే ‘గుణసుందరి కథ’ గుర్తొచ్చింది. 1949. అంటే మీ సినిమాకు సరిగ్గా నలభై ఏళ్ళ ముందు.

తీసింది కె.వి. రెడ్డి గారు, మన తాడిపత్రి మనిషి. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ ఆయనవే అని అందరికీ తెలుసు, ఇది చాలామందికి తెలీదు. రాజుకు ముగ్గురు కూతుళ్ళు. పెద్దవాళ్ళిద్దరూ తండ్రిని పొగుడుతారు. చిన్నది గుణసుందరి మాత్రం ఆడదానికి భర్తే ముఖ్యమంటుంది. రాజుకు కోపం వచ్చి ఆమెను ఒక అవిటివాడికిచ్చి పెళ్ళి చేస్తాడు. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ నాటకం నీడ ఉంది దాంట్లో. తర్వాత రాజు మంచాన పడతాడు. మహేంద్రమణి తెస్తే గానీ బతకడు. అల్లుళ్ళు ముగ్గురూ బయలుదేరతారు.

చూడండి, అదే కదా? మంచంలో తండ్రి, ఎక్కడో కొండల అవతల ఒక మహిమగల వస్తువు, దాన్ని తెచ్చేది తండ్రి ఎవర్ని తక్కువగా చూసినాడో వాడే. ఆ అవిటి అల్లుడి పేరేమిటో తెలుసా? దైవాధీనం. కస్తూరి శివరావు వేసినాడు. మన వాళ్ళు నమ్మకం గురించి ఉపన్యాసం ఇవ్వకుండా ఆ పిల్లోడికి పేరే అట్ల పెట్టేసినారు.

ఉగ్గాని_బజ్జి · సోమవారం ఉదయం 9:34

దైవాధీనం 😀 మా ఆఫీసులో సగం ఫైళ్ళ పేరు అదే.

రీలు_పెట్టె · సోమవారం ఉదయం 9:58

నవ్వినావు కాబట్టి ఇంకోటి చెబుతా. డెబ్బైల్లో ఈ సినిమా పాత ప్రింటు ఒకటి మా హాలుకు వచ్చింది. ఏ హాలో అడగొద్దు. నేను అప్పుడు అసిస్టెంటును. కార్బన్ కడ్డీలు మార్చడం, రీళ్ళు చుట్టడం నా పని. పెట్టెల మీద నంబర్లు చెరిగిపోయి ఉన్నాయి. మా పెద్ద ఆపరేటర్ అన్నం తినడానికి పోయినాడు. నేను ఒక రీలు ముందుది వెనక, వెనకది ముందు ఎక్కించినా.

రాజు ముందు బాగైపోయినాడు. తర్వాత జబ్బు పడినాడు.

నాకు చెమటలు పట్టినాయి. కింద ఈలలు వేస్తారు, కుర్చీలు విరగ్గొడతారు అనుకున్నా. ఒక్కడూ అరవలేదు. ఇంటర్వెల్‌లో బీడీ కాల్చుకుంటా ఒక పెద్దాయన ఇంకో పెద్దాయనతో అంటున్నాడు: “తిరగబెట్టింది పాపం. మణి సరిగ్గా కడగలేదేమో.”

దర్గా_వీధి (కడప) · సోమవారం మధ్యాహ్నం 1:45

రీలు పెట్టె అన్నా, నమాజు చేసి వచ్చి చదివి షాపులో ఒక్కణ్ణే నవ్వుతున్నా. గిరాకీ వాళ్ళు నన్ను వింతగా చూసినారు.

నాకు వేరే ఆలోచన వచ్చింది. మా నాయన టైలరు. ప్రతి బక్రీదుకు ముందు రోజు రాత్రి, మిషన్ మీద మా కొత్త బట్టలకు కాజాలు కుడుతూ, ఇబ్రహీం ప్రవక్త కథ చెప్పేవాడు. కొడుకును బలి ఇమ్మని కల రావడం, కొడుకుతో చెప్పడం, కొడుకు సరే అనడం. ఆ పిల్లోడు “నాయనా, నన్ను చూస్తే నీ చెయ్యి వణుకుతాది, కళ్ళకు గుడ్డ కట్టుకో” అన్నాడని చెప్పేటప్పుడు మా నాయన ఎప్పుడూ సూదిలో దారం ఎక్కించేవాడు. దారం అప్పటికే ఉన్నా తీసి మళ్ళీ ఎక్కించేవాడు. మా వైపు చూడకుండా ఉండటానికి అని పెద్దయినాక అర్థమైంది.

హిందువుల్లో సిరియాళుడి కథ కూడా ఇట్లాంటిదే కదా. శివుడు అతిథిగా వచ్చి కొడుకు మాంసం కావాలంటాడు, తల్లీతండ్రీ వండి పెడతారు, చివర్లో పిల్లోడు లేచొస్తాడు. మా పక్కింటి అవ్వ చెప్పేది. విన్న రాత్రి నిద్ర పట్టేది కాదు.

నేను అనేదేమంటే, పాత కథల్లో తండ్రి నమ్ముతాడు, కొడుకు పడుకుంటాడు. కత్తి తండ్రి చేతిలో ఉంటాది. ఈ సాహస సినిమాల్లో దాన్ని తిప్పేసినారు. పడుకున్నది తండ్రి. నడవాల్సింది కొడుకు. నమ్మకం మాత్రం అప్పుడూ ఇప్పుడూ తండ్రిదే, కొడుకు అరువు తెచ్చుకుంటాడు.

గడియారం_స్తంభం · సోమవారం మధ్యాహ్నం 2:10

“అరువు” అన్న మాట బాగుంది. అరువు తెచ్చుకున్నదాన్ని తిరిగి ఇవ్వాలి కదా, ఆ సినిమాలో ఇస్తాడా?

దర్గా_వీధి · సోమవారం మధ్యాహ్నం 2:13

గిన్నెను అక్కడే వదిలేసినారు కదా మాస్టారూ. అది చెల్లు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు) · సోమవారం రాత్రి 8:40

మీరంతా ఒక తండ్రిని మర్చిపోయినారు. హిరణ్యకశిపుడు. కొడుకు నమ్మకానికి తండ్రే అడ్డం. ఆ కథ జరిగిందని చెప్పే అహోబిలం మన పాత కర్నూలు జిల్లాలోనే ఉంది, ఇప్పుడు నంద్యాల జిల్లా అయింది.

పోయిన డిసెంబర్‌లో మా పెద్దోణ్ణి తీసుకుని ఉగ్రస్తంభం ఎక్కినా. నరసింహస్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం అదేనంటారు. నిట్టనిలువుగా నిలబడి, మధ్యలో చీలిన బండ. ఎగువ అహోబిలం నుంచి వాగు పక్కనే రాళ్ళ మీద నడక. కోతులు. చేతిలో కర్ర లేకుంటే కష్టం. జ్వాలా నరసింహస్వామి గుడి దాటినాక అసలైన ఎక్కుడు మొదలు.

నేను ముందు, వాడు వెనక. “జాగ్రత్తరా, నేను పెట్టిన చోటే కాలు పెట్టు” అని పెద్ద మొగోడిలాగా చెప్పుకుంటూ పోతున్నా. ఒక చోట నాచు పట్టిన బండ మీద నేనే జారినా. మోకాలు కొట్టుకుపోయింది, ప్యాంటు చిరిగింది. వాడు నా చొక్కా కాలరు పట్టుకుని నిలబెట్టినాడు. ఇంటర్ చదివే పిల్లోడు, నా కంటే బలం ఉంది. అప్పటి నుంచి పైదాకా వాడు ముందు, నేను వెనక. వాడు పెట్టిన చోటే కాలు పెట్టుకుంటూ పోయినా.

పైన జెండా దగ్గర కూర్చుని వాడు అడిగినాడు, “ప్రహ్లాదుడికి వాళ్ళ నాయన చచ్చిపోయినందుకు బాధ కలగలేదా?” అని. తర్వాత ప్రహ్లాదుడు వాళ్ళ నాయన కోసం స్వామిని వేడుకుంటాడు, భాగవతంలో ఉందని చెప్పినా. వాడు తల ఊపి ఫోన్‌లో సిగ్నల్ వెతుక్కున్నాడు.

ఉగ్గాని_బజ్జి · సోమవారం రాత్రి 9:02

అన్నా, సినిమాలు సినిమాలు. ఇదే సిరీస్‌లో 1984లో వచ్చిన ‘టెంపుల్ ఆఫ్ డూమ్’ మర్చిపోయినారా? అమ్రీష్ పురి విలన్. మన గుడిని, కాళికాదేవిని ఎట్ల చూపించినారో. కోతి మెదడు వడ్డిస్తారు భోజనంలో. మన ప్రభుత్వం షూటింగ్‌కు ఒప్పుకోకపోతే శ్రీలంకలో తీసుకున్నారు. వాళ్ళ గిన్నెకు అంత గౌరవం, మన లింగానికి ఇంత అన్యాయమా? ఒక సినిమాలో నమ్మకం, ఇంకో సినిమాలో మూఢనమ్మకం. కెమెరా ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ దేవుడు.

జేజి_కథలు · సోమవారం రాత్రి 9:30

దాంట్లో అన్నం ముందు కూర్చున్న సీన్ నాకూ ఒళ్ళు మండింది. కానీ అందులోనూ ఒక తండ్రి ఉన్నాడు కదా. ఆ చిన్న పిల్లోడు, అనాథ, హీరో వెంటే తిరుగుతాడు. హీరో మత్తులో పడి రాక్షసుడి మాదిరి అయిపోతే మళ్ళీ మనిషిని చేసేది వాడే.

అక్కడే మన తెలుగు సాహస సినిమాలు నాకు నచ్చుతాయి. మనకు కన్నతండ్రి కంటే పెంచిన తండ్రి ఎక్కువ. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో (1990) చిరంజీవి హిమాలయాలకు పోయింది దేవకన్య కోసం కాదు, ఇంట్లో పెంచుతున్న అనాథ పాపకు కాలు బాగు చేసే మూలిక కోసం. ఉంగరం దొరకడం తర్వాతి సంగతి. ‘అంజి’లో (2004) కూడా అంతే, నలుగురు అనాథ పిల్లలు, ఆత్మలింగం. ఇక ‘బాహుబలి’ మొదటి భాగంలో (2015) వాడు శివలింగాన్ని పెకలించి భుజాన ఎత్తుకుని జలపాతం కింద పెట్టింది దేవుడి కోసమా? కడవలు మోసి మోసి అలిసిపోతున్న పెంచిన తల్లి కోసం. మొక్కు ఆమెది, బరువు వాడిది. ఆ సీన్‌కు మా అత్త థియేటర్లో లేచి దండం పెట్టింది. లింగానికో ప్రభాస్‌కో ఇప్పటికీ చెప్పదు.

అడ్మిన్ · సోమవారం రాత్రి 9:41

దేవుళ్ళ మధ్య పోటీ పెట్టొద్దు. సినిమా వరకే. ఉగ్గాని, నీకే.

ఉగ్గాని_బజ్జి · సోమవారం రాత్రి 9:42

సరే సామీ. ఎర్రనేల అన్న చర్చ పెట్టి ఎక్కడికి పోయినాడు?

ఎర్రనేల · మంగళవారం రాత్రి 10:15

క్షమించాల. అన్నీ చదివినా, కొన్ని మావాడికి చదివి వినిపించినా. రాయడానికి కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. ఆదివారం చెప్పని సంగతి ఒకటి ఉంది.

మాది గుత్తి దగ్గర పల్లె. శెనక్కాయ సేద్యం. తొలకరి పడగానే ఊర్లో అందరూ గుంటకలు సర్దుకుంటే మా నాయన సద్దిమూట కట్టుకుని జొన్నగిరి పోయేవాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతా. తుగ్గలి పక్క జొన్నగిరి చేలల్లో, ఇటు వజ్రకరూరు వైపు, తొలి వానకు పైమట్టి కొట్టుకుపోతే రాళ్ళు తేలతాయి. వాటిలో వజ్రాలు దొరుకుతాయి. నిజంగానే దొరుకుతాయి. ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో తలలు వంచుకుని తిరుగుతారు. రాత్రిళ్ళు గుళ్ళలో, చెట్ల కింద పడుకుంటారు.

మా నాయన ఇరవై రెండేళ్ళు పోయినాడు. ఒక్కటీ దొరకలేదు. తెచ్చినవన్నీ వ్యాపారి చేతిలో పెట్టడం, ఆయన ఇట్ల తిప్పి అట్ల తిప్పి “పలుగురాయి” అనడం. ఆ రాళ్ళన్నీ ఒక హార్లిక్స్ సీసాలో వేసి గూట్లో పెట్టేవాడు. పారేయనిచ్చేవాడు కాదు.

నేను పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైన రోజు ఆయన ఇంట్లో లేడు. నాలుగు రోజుల తర్వాత వచ్చినాడు, కాళ్ళు వాచి. మార్కులు చెబితే “మంచిది” అని సీసా మూత తీసినాడు. గ్రీకులో లెక్కపెట్టమనలేదు అంతే. నాకు ఆ సీసా అంటే ఎంత కోపమో. ఒకసారి బావిలో వేద్దామని గట్టు దాకా తీసుకుపోయినా. వెయ్యలేక మళ్ళీ గూట్లో పెట్టినా.

ఆ సినిమాలో విమానం లాంటి పెద్ద గాలి ఓడలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు అంటాడు కొడుకు. సరే, దేని గురించి మాట్లాడాల చెప్పు అని తండ్రి పుస్తకం మూస్తాడు. వీడికి ఒక్క మాటా దొరకదు. నేను, మా నాయన గుత్తి బస్సులో పక్కపక్కన కూర్చుని ఎన్ని సార్లు పోయినామో. “కిటికీ మూయి, దుమ్ము” అన్నదే ఎక్కువ.

ఇప్పుడు ఆదివారం సంగతి. మా నాయనకు ఇంగ్లీషు రాదు. మావాడు పక్కన కూర్చుని తెలుగులో చెబుతున్నాడు. గుహ చివర ఒక గది, దాంట్లో వరసగా బోలెడు గిన్నెలు, బంగారువి, రాళ్ళు పొదిగినవి. ఒక్కటే నిజమైనది. విలన్ పక్కనున్న ఆవిడ ధగధగలాడే బంగారు పాత్ర తీసి ఇచ్చింది. మా నాయన కుర్చీలో ముందుకు జరిగి, “అది కాదురా” అన్నాడు. విలన్ ఇంకా తాగలేదు అప్పటికి.

మావాడు ఆపినాడు. “అబ్బా, నీకెట్ల తెలుసు? నువ్వు ముందే చూసినావా?”

“చూడలేదు. మట్టిలో ఉన్న వజ్రం మెరవదు అబ్బోడా. మెరిసేదంతా పలుగురాయే. అసలుది నూనె పూసినట్టు మసకగా ఉంటాది. తొక్కుకుంటా పోయినా తెలీదు.”

ఆ తర్వాత హీరో మూలనున్న మామూలు గిన్నె తీసుకున్నాడు. మావాడు ఎగిరి గంతేసినాడు. మా నాయన మాత్రం ఏం ఆశ్చర్యపోలేదు. మంచినీళ్ళు అడిగినాడు.

ఇంకా ఉంది. చివర్లో నేల చీలి ఆ గిన్నె అంచు మీద పడుతుంది. కొడుకు ఒక చేత్తో తండ్రి చెయ్యి పట్టుకుని వేలాడుతూ ఇంకో చేత్తో దాన్ని అందుకోబోతాడు. వేలికి తగిలీ తగలనట్టు ఉంటాది. అప్పుడు, జీవితమంతా దాని కోసమే తిరిగిన తండ్రి, సినిమా అంతా ‘జూనియర్’ అని పిలిచినోడు, మొదటిసారి కొడుకును వాడికిష్టమైన పేరుతో పిలిచి, వదిలెయ్యమంటాడు. నిదానంగా అంటాడు, అరవడు.

మావాడు ఆ మాట తెలుగులో చెప్పేలోపే మా నాయన లేచి బయట వరండాలోకి పోయినాడు. చుట్ట కాల్చుకోవడానికి అనుకున్నా. పోయి చూస్తే చుట్ట లేదు. ఊరికే నిలబడి ఉన్నాడు. నేనూ పక్కన నిలబడినా. “దోమలు” అన్నాడు. “ఊ” అన్నా.

కొండారెడ్డి_బురుజు · మంగళవారం రాత్రి 10:40

అన్నా.

దర్గా_వీధి · మంగళవారం రాత్రి 10:44

సూదిలో దారం.

గడియారం_స్తంభం · బుధవారం ఉదయం 7:30

నేను మాట మార్చుకుంటున్నానని అనుకోవద్దు. మీ నాయనది గుడ్డి నమ్మకం కాదు. వజ్రకరూరు దగ్గర కింబర్లైట్ పైపులు ఉన్నాయి. వజ్రాల్ని భూమి లోతుల నుంచి పైకి మోసుకొచ్చిన రాయి అది. అక్కడ వజ్రాలు ఉన్నాయన్నది భూగర్భ శాస్త్రం చెప్పే మాటే. ఆయనకు దొరకలేదు, అంతే తేడా. గుప్తనిధుల పిచ్చితో అర్ధరాత్రి గుళ్ళలో నంది విగ్రహాలు పగలగొట్టేవాళ్ళతో ఆయన్ని కలపకూడదు. వాళ్ళు ఆ విలన్ జాతి.

ఒక మాట మాత్రం ఒప్పుకుంటా. అందులో హీరోకు రెండు పరీక్షలు పాసైన అనుభవం ఉంది. మీ నాయనకు ఇరవై రెండు ఫెయిలైన అనుభవం ఉంది. ఆ లెక్కతో ఇరవై మూడోసారి సద్ది కట్టుకోవడం నా గణితంలో లేదు.

రీలు_పెట్టె · బుధవారం ఉదయం 8:05

మాస్టారూ, మీ జిల్లాలో శెనక్కాయ విత్తేవాళ్ళందరూ ఏ గణితంతో విత్తుతున్నారు? మేఘం కనపడదు, విత్తనం అప్పు, అడుగు మాత్రం వేస్తారు. ఇసుక చల్లి చూపించేవాడు కూడా లేడు.

జేజి_కథలు · బుధవారం ఉదయం 8:50

అందరూ తండ్రి గురించే రాస్తున్నారు. బాగుంది, నాకూ కళ్ళు చెమర్చినాయి. కానీ ఎర్రనేల తమ్ముడూ, ఒక్కటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. ఆ సినిమాలో తల్లి కథ మొదలవక ముందే చనిపోయింది, అందుకే రాసినోడికి సులువైంది. మీ అమ్మ మాత్రం బతికే ఉంది. ఇరవై రెండు తొలకర్లు మీ నాయన రాళ్ళు ఏరుతుంటే శెనక్కాయ విత్తింది ఎవరు? నువ్వు మొదటి పోస్టులో నలుగురు చూసినామని రాసినావు. ఆమె ఏమనిందో ఒక్క ముక్క రాయలేదు.

ఎర్రనేల · బుధవారం రాత్రి 9:20

అక్కా, తగిలింది. నిజం. విత్తింది మా అమ్మే. కూలోళ్ళను పిలిచింది, ఎద్దులు అడుక్కొచ్చింది, నా ఫీజుకు కమ్మలు తాకట్టు పెట్టింది. నేను ఈ కథ ఎప్పుడు చెప్పుకున్నా నేను, నాయన, సీసా. ఆమె ఫ్రేములో లేదు.

ఆదివారం ఆమె సోఫాలో ఒక మూల నిద్రపోయింది. గుర్రాల మీద అందరూ సూర్యుడి వైపు పోయేటప్పుడు లేచి, కొంగుతో ముఖం తుడుచుకుంటా, “దొరికిందా?” అనింది.

“దొరికింది అవ్వా, మళ్ళీ అక్కడే వదిలేసినారు” అన్నాడు మావాడు.

“ఆ మాత్రానికి అంత దూరం పోవాల్నా” అని చెప్పులు వెతుక్కుంటా వంటింట్లోకి పోయింది.

ఉగ్గాని_బజ్జి · బుధవారం రాత్రి 9:24

అవ్వకు నా దండం. ఇంతకంటే మంచి రివ్యూ నేను రాయలేను.

దర్గా_వీధి · బుధవారం రాత్రి 9:50

అన్నా, మీ బాబు ప్రశ్నకు మీ నాయన ఏమన్నాడు? దేవుణ్ణా, నాయన్నా, గతి లేకనా? ఆయన్ను ఎవరూ అడగలేదే.

ఎర్రనేల · శనివారం ఉదయం 6:35

అడిగినాడు మావాడు. “కాలు కింద ఏదో ఒకటి ఉంటాదిలే అని” అన్నాడంట.

నిన్న రాత్రి గుత్తి పక్క గట్టి వాన. మొన్నే వాళ్ళను ఊర్లో దింపి, మావాడికి సెలవులని మేమూ ఉండిపోయినాం. తెల్లారి లేచి చూస్తే మా నాయన మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు. మావాడు షూ వేసుకుని గడప మీద కూర్చున్నాడు. మా అమ్మ పొయ్యి దగ్గర తిట్టుకుంటానే సద్ది కడుతోంది. ఇద్దరికే కట్టిందా, ముగ్గురికా అని చూసినా. మూడు మూటలు ఉన్నాయి.

ఎవరైనా ఉంటే చెప్పండి, గుత్తి నుంచి జొన్నగిరికి పొద్దున బస్సు ఎన్నింటికి?